నవంబర్‌లో సందక్‌ఫు: గుంటూరు నుంచి వెళ్లేవాడు బ్యాగులో ఏం సర్దుకోవాలి?

చాంబర్‌నంబర్3, గుంటూరు

అందరికీ నమస్కారమండీ. నాకు 44 ఏళ్లు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా బావమరిది బెంగళూరులో ఉంటాడు. వాడూ వాడి ఫ్రెండ్సూ నవంబర్ ఆఖరి వారంలో డార్జిలింగ్ వైపు, నేపాల్ సరిహద్దు మీదున్న సందక్‌ఫు కొండకి ట్రెక్‌కి పోతున్నారు. "నువ్వూ రా బావా" అన్నాడు. ఆ పూట పండగ భోజనం చేసి మంచి హుషారులో ఉన్నాను, సరే అనేశాను. ఇప్పుడు రైలు టికెట్లు కూడా వచ్చేశాయి.

నేను ఎక్కిన కొండలంటే కోటప్పకొండ, మంగళగిరి పానకాలస్వామి, కాలేజీ రోజుల్లో ఒకసారి కొండవీడు. అన్నిటికీ మెట్లో రోడ్డో ఉన్నాయి. ఇదేమో మానేభంజన్ దగ్గర మొదలుపెట్టి 3,636 మీటర్ల ఎత్తుకి ఎక్కి, అడవిలోంచి శ్రీఖోలాకి దిగాలట. మొత్తం నాలుగు రోజుల నడక.

బావమరిది వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. బేస్ లేయరు, ఫ్లీసు, షెల్లు, గెయిటర్లు... అందులో నాకు అర్థమైనవి సబ్బు, బ్రష్షు. అన్నీ కొంటే పాతిక ముప్పై వేలు తేలేలా ఉంది. నాలుగు రోజుల ముచ్చటకి అంత పెట్టడం నాకిష్టం లేదు.

చలి నాకు మరీ కొత్తేం కాదు. రోజూ ఆరేడు డిగ్రీల చాంబర్లోకి పోయొస్తుంటాను. ఒక స్వెటరు, మంకీ క్యాపు, అంతే. అక్కడ మాత్రం ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తోంది.

ఇప్పటికి సర్దినవి: రెండు జీన్సులు, ఐదు కాటన్ చొక్కాలు, బనియన్లు, రెండు స్వెటర్లు, మా నాన్నగారి ఉన్ని శాలువా, దుప్పటి, లుంగీ, ఆవకాయ ఒక సీసా, గోంగూర ఒక సీసా, కారప్పొడి, కొబ్బరినూనె. బూట్లు కొనక్కర్లేదు. బావమరిది ఆరేళ్ల కిందట కొన్న ట్రెక్కింగ్ బూట్లు మా అత్తగారింట్లో అటక మీద ఉన్నాయి, సైజు సరిపోయింది.

వీటిలో ఏది పనికొస్తుంది, ఏది దండగ, కొనక తప్పనిది ఏది? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట 4వ లైను

అన్నా, రెండు జీన్సులూ తీసి బీరువాలో పెట్టెయ్. తడిసిన జీన్సు ఒక్కోటి కిలో పైనే తూగుతుంది, ఆ కొండ మీద మూడు రోజులైనా ఆరదు. ఆవకాయ ఉంచు. మిగతాది పెద్దలు చెబుతారు.

రిటైర్డ్ గార్డు, సత్యనారాయణపురం

తమ్ముడూ, నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. సందక్‌ఫు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అచ్చం నీలాగే సర్దుకున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు నీ చాంబరు సంగతి. లోపల ఎంతసేపు ఉంటావు? పావుగంట, మహా అయితే అరగంట. ఒళ్లు చల్లబడగానే బయటికొచ్చి ఎండలో నిలబడతావు. అక్కడ బయటికి రావడానికి గుమ్మం ఉండదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. కొండల కింద సిలిగురి ఊళ్లో రాత్రి 15 డిగ్రీలు ఉందనుకో, నువ్వు పడుకునే చోట సున్నాకి కింద ఐదారు ఉండొచ్చు. దాని మీద గాలి.

కానీ నన్ను ఏడిపించింది ఆ రాత్రి చలి కాదు, మొదటిరోజు పగటి చెమట. మానేభంజన్ దాటగానే చిత్రే దాకా నిలువు ఎక్కుడు. నేను కాటన్ బనియను, దాని మీద కాటన్ చొక్కా, దాని మీద స్వెటరు తొడిగి, పొద్దున్నే చలిగా ఉందని అలాగే బయల్దేరాను. గంటలో బనియను పిండితే నీళ్లొచ్చేలా అయింది. వేడిగానే ఉంది కదా అని నడిచాను. మేఘమా చేరేసరికి పేరుకి తగ్గట్టే తెల్లగా మబ్బు కమ్మేసింది, గాలి మొదలైంది. టీకొట్టు ముందు కూర్చున్న ఐదు నిమిషాల్లో ఆ బనియను వీపుకి మంచుపలకలా అంటుకుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా టీ ఒలికిపోతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కొట్టావిడ ఏమీ అడగలేదు. రెక్క పట్టుకుని లోపల పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, బనియను విప్పమని సైగ చేసింది. పొడిది తొడుక్కున్న పది నిమిషాలకి మళ్లీ మనిషినయ్యాను. ఆ రోజు ఎండున్న చోట్ల 10, 12 డిగ్రీలు ఉండి ఉంటుంది, అంత చలేం కాదు. మన బెజవాడ వాళ్లకి చెమట అంటే ఫ్యాన్ కింద ఆరిపోయేది. అక్కడ అది ఆరుతూ ఆరుతూ ఒంట్లో వేడిని కూడా పట్టుకుపోతుంది. నూలు నీటిని పీల్చుకుని కూర్చుంటుంది కాబట్టి మరీను.

అందుకని లోపల పాలిస్టరుది వేసుకో. పేరు చూసి జడుసుకోకు, బేస్ లేయరంటే అదే. మీ వీధి క్రికెట్ టోర్నమెంటులో వెనక నంబరేసి ఇచ్చే జెర్సీ ఉంటుంది చూడు, అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నడకకి రెండు, రాత్రి పడుకోవడానికి ముట్టుకోకుండా దాచుకునేది ఒకటి. ఆ మూడోది ప్రాణం పోయినా పగలు వేసుకోకు. దాని మీదకి వేడి పట్టి ఉంచేది, లిస్టులో ఫ్లీసు అన్నది అదే, నీ స్వెటర్లలో ఒకటి చాలు. అన్నిటికీ పైన గాలినీ వాననీ ఆపే పల్చటి జాకెట్టు, షెల్లంటే ఇదే. ఇది మాత్రం కొను. స్వెటరులోంచి గాలి జల్లెడలోంచి పిండి దిగినట్టు దిగుతుంది. పైన జాకెట్టు ఉంటే అదే స్వెటరుకి రెట్టింపు బలం వస్తుంది.

బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తూ ఉండాలి. పావుగంట నడిస్తే సరిపోతుంది. చెమట పట్టబోతోంది అనగానే ఆగి ఒకటి విప్పు, కూర్చోగానే తొడుక్కో. మావాళ్లు విసుక్కున్నారు, "ఈయన స్టేషన్ స్టేషన్‌కీ ఆగుతాడు" అని. ఆగు, ఫరవాలేదు. గూడ్సు బండి కూడా గమ్యం చేరుతుంది.

దూదిపింజ లాంటి దళసరి జాకెట్టు సాయంత్రం ఆగినప్పుడు కావాలి. కొనకు. బెంగళూరులో ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చే షాపులున్నాయి, బావమరిదికి చెప్పు. 45, 50 లీటర్ల బ్యాగు కూడా అక్కడే తెప్పించుకో. దానికి నడుం బెల్టు ఉందో లేదో చూసుకో. బెల్టు తుంటి ఎముకల మీద బిగించాలి, బొడ్డు మీద కాదు. బరువు తుంటి మీద కూర్చుంటే భుజాలు మిగులుతాయి.

దుప్పటి తీసెయ్. లాడ్జిల్లో బండ బొంతలు ఇస్తారు. అవి ఎప్పుడు ఉతికారో మాత్రం అడక్కూడదు. అందుకే లుంగీ ఉంచు. అది ఎలాగూ కుట్టిన గొట్టమే కదా, ఒకవైపు మూసి కుట్టిస్తే బొంత లోపల నీ సొంత సంచీ తయారు. దుకాణాల్లో లైనరని వెయ్యి రూపాయల పైన అమ్మేది ఇదే. శాలువా రైల్లో కప్పుకో, ఒకటిన్నర రోజు ప్రయాణం. మానేభంజన్‌లో దిగిన చోట ఇచ్చి పో, తిరిగొచ్చేటప్పుడు తీసుకోవచ్చు. నాన్నగారిదంటున్నావు, కొండ మీద పొగచూరేలా చెయ్యకు.

బ్యాగు పైన తొడిగే రెయిన్ కవరు పైనుంచి పడే వాననే ఆపుతుంది, వీపు మీదుగా కారే నీళ్లని ఆపదు. లోపల ఒక పెద్ద పాలిథిన్ సంచీ వేసి బట్టలన్నీ అందులో పెట్టి మూతి మెలిపెట్టు. కోల్డ్ స్టోరేజీ మనిషివి, పాలిథిన్‌కి నీకు కరువా.

ఐడీ కార్డు ఒరిజినల్ పెట్టుకో. ఆ దారి నేపాల్ సరిహద్దుకి అటూ ఇటూ పోతుంటుంది, రాత్రి ఆగే తుమ్లింగ్ నేపాల్ వైపే. మధ్యలో సరిహద్దు కాపలా ఉండే ఎస్ఎస్‌బీ వాళ్లు చూస్తారు. ఎత్తుకి తలనొప్పి, వాంతులు వచ్చే అవకాశం ఉంది. బీపీ, షుగరు లాంటివి ఉంటే ముందే డాక్టరుకి చూపించుకో. ఎత్తు పడకపోవడానికి ఇచ్చే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా ఆయన్నే అడుగు. సల్ఫా మందులు పడవని ఎప్పుడైనా తేలి ఉంటే అది కూడా చెప్పు. తల పగిలిపోతూ ఉంటే మొండికేసి పైకి పోవద్దు, కిందికి దిగడమే దానికి మందు.

బూట్ల గురించి ఒక మాట చెప్పాలనుంది గానీ చెయ్యి నొప్పెడుతోంది.

కరకట్ట, కృష్ణలంక

బూట్ల గురించి నేను చెబుతా గార్డుగారూ, ఆ అనుభవం నాది.

సూపర్‌వైజర్‌గారూ, ఆ అటక మీది జతని దయచేసి నమ్మకండి. ఆరేళ్లు అంటున్నారు. ట్రెక్కింగ్ బూట్లలో చాలావాటికి అడుగు రబ్బరుకీ పైభాగానికీ మధ్య మెత్తటి పాలియురెథేన్ పొర ఉంటుంది. వాడినా వాడకపోయినా గాలిలో తేమ తగిలి అది లోపల్లోపలే కుళ్లుతుంది. మన కోస్తా ఉక్కపోతలో అటక మీదంటే మరీ తొందరగా. బయటికి కొత్తదానిలా మెరుస్తుంటుంది.

నావి ఏడేళ్ల బూట్లు, మొత్తం నాలుగుసార్లు తొడిగానేమో. కాలిపోఖ్రి దాటాక సందక్‌ఫుకి ఆఖరి ఎక్కుడు ఉందే, అక్కడ ఎడమ కాలు ఎత్తితే అడుగు నేల మీదే ఉండిపోయింది. తిప్పి చూస్తే మధ్య పొర బెల్లపు పొడిలా రాలుతోంది. అరగంటలో కుడిది కూడా. మా గైడు కుర్రాడు తన బ్యాగులోంచి పురికొస తీసి, బూటు ముందు నుంచి రెండు చుట్లు, చీలమండ వెనక నుంచి ఒకటి, పాదం కింద అడ్డంగా ముడి రాకుండా చూసి కట్టాడు. ముడి కిందికొస్తే రాయి మీద అరిగి తెగుతుందట. గంటకోసారి మళ్లీ కట్టుకుంటూ పైకి చేరాం. మర్నాడు ఎవరిదో ఒక సైజు పెద్ద గమ్‌బూట్లు తొడుక్కుని శ్రీఖోలాకి దిగాను. పదిహేను కిలోమీటర్లకి పైగా, నిలువునా ఒకటిన్నర కిలోమీటరు దిగుడు. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి సంక్రాంతికి ఊడిపోయాయి.

కాబట్టి బూట్లు కొనండి. సాయంత్రం పూట కొనడానికి వెళ్లండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. దళసరి సాక్సు తొడిగి చూడండి. లేసు వదులు చేసి పాదాన్ని ముందుకి తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. తర్వాత రోజూ వాటితోనే డ్యూటీకి పోండి, జనం నవ్వితే నవ్వనీండి. వారానికి రెండుసార్లు మంగళగిరి గండాలయ్య దాకా ఎక్కి దిగండి, ముఖ్యంగా దిగండి. బయల్దేరే ముందురోజు కాలిగోళ్లు కురచగా తీసుకోండి. మడమ దగ్గర ఎక్కడ రుద్దుతోందో మీకు మంగళగిరిలోనే తెలిసిపోతుంది. అక్కడ నడక మొదలుపెట్టక ముందే టేపు వెయ్యాలి, పొక్కు లేచాక వేస్తే తీసేటప్పుడు తోలూడొస్తుంది.

చాంబర్‌నంబర్3, గుంటూరు

గార్డు అన్నగారూ, మీరు చెప్పిన చెమట సంగతి నమ్మబుద్ధి కాక నిన్న పరీక్ష పెట్టాను.

మధ్యాహ్నం ఎండలో కాటన్ బనియన్ మీద స్వెటరేసుకుని మా చాంబరు మెట్లు పైదాకా మూడుసార్లు ఎక్కి దిగాను. హమాలీలు పని ఆపి చూస్తున్నారు. చెమట కారుతుండగా లోపలికి పోయి, కూలింగ్ ఫ్యాను గాలి తగిలే చోట టిక్కీల (మిర్చి బస్తాల) పక్కన నిలబడ్డాను. ఆరు నిమిషాలు, అంతే. ఏడో నిమిషానికి భుజాలు వాటంతటవే వణికాయి. రోజూ గంటసేపు స్టాకు లెక్కపెట్టే చాంబరది! రోజూ నేను పొడి ఒంటితో పోతున్నానని ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఇవాళ మావాడి జెర్సీతో అదే పని చేశాను. చల్లగా ఉంది గానీ పది నిమిషాలకి వీపు దాదాపు ఆరింది. జెర్సీ మీద వాడి పేరు ఉంది, ఫొటోల్లో ఏం చెప్పుకోవాలో తెలీదు.

బూట్లు తెచ్చి చూశాను. మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కితే గోరు దిగింది. చెత్తలో వేసేశాం. మా అత్తగారు బాధపడ్డారు.

పచ్చళ్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు?

ఎర్ర పాండా, లబ్బీపేట

నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. మేం నలుగురు ఆడవాళ్లం ఒక ఏప్రిల్‌లో వెళ్లాం, రోడోడెండ్రాన్లు పూసే కాలంలో. పాండా కోసం ఆ దారిలోని సింగలీలా నేషనల్ పార్కు అడవిలో వెదురు పొదలన్నీ వెతికాం, కనిపించలేదు, పేరు మాత్రం పెట్టుకున్నాను.

పచ్చడి తీసుకెళ్లండి అన్నయ్యా, సీసాల్లో కాదు. గాజు బరువు, మూత లీకైతే బట్టలన్నీ నూనె. మందుల ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు చెంచాలు చాలు, దాన్ని రెండు కవర్లలో చుట్టండి. అక్కడ పప్పూ అన్నమూ దొరుకుతాయి, చప్పగా ఉంటాయి, అంతే. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు కారప్పొడి వల్లే నాలుగు ముద్దలు దిగాయి మాకు. జేబులో పల్లీ చిక్కీ ఉంచుకోండి. కొబ్బరినూనె వద్దు. అది 24 డిగ్రీలకే గడ్డకట్టే సరుకు, అక్కడ రాయి. మా రూమ్మేటు సీసాని చంకలో పెట్టుకుని పడుకుంది, పొద్దున్నకి చంక చల్లబడింది గానీ నూనె కరగలేదు. పెదాలకీ చేతులకీ వాజిలిన్ డబ్బా చాలు.

రాత్రి పడుకునేటప్పుడు ఫోను, పవర్ బ్యాంకు బొంతలోకి తీసుకోండి. చలికి బ్యాటరీ కళ్లముందే పడిపోతుంది. నీళ్ల సీసా కూడా లోపలే. మరిగిన నీళ్లు పోయించుకుంటే మొదట కాళ్లకి వేడి, పొద్దున తాగడానికి నీళ్లు. హెడ్‌లైటు కొనండి. రాత్రి బాత్రూముకి చేతిలో ఫోను టార్చితో మంచు మీద నడవడం ఒకసారి చేశాను, ఫోను ఎక్కడ పడిందో చెప్పను.

మీ బృందంలో ఆడపిల్లలు ఉంటే ఇది చెప్పండి. చలికీ, ఎత్తుకీ, అలసటకీ నెలసరి తారీఖు మారొచ్చు. టైము కాలేదని ప్యాడ్లు మానెయ్యొద్దు. వాడినవి అక్కడ పారెయ్యకూడదు. కాగితంలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి కిందికి మోసుకు రావాలి. చున్నీ ఒకటి ఉంటే మెడకీ, తలకీ, బట్టలు మార్చుకునేటప్పుడు తెరకీ పనికొస్తుంది. బజార్లో అమ్మే గొట్టం స్కార్ఫులన్నీ దాని ముందు దండగ.

జలగల భయం ఉంటే వదిలెయ్యండి, నవంబర్ ఆఖరికి వాటి పని అయిపోతుంది. వానాకాలం మూడు నెలలు ఆ పార్కే మూసేస్తారు, సెప్టెంబర్ 16కి గానీ తెరవరు. జలగల సాక్సులు నేను కుద్రేముఖ్‌కి జులైలో వాడాను, అక్కడ అవి లేకపోతే నడవలేం. పట్టుకుంటే ఉప్పు చల్లకండి, గోటితో మెల్లగా పక్కకి నెట్టండి. ఉప్పు పడగానే అది తాగింది గాయంలోకే కక్కుతుంది.

ఇంకోటి. సందక్‌ఫు అంటే విషపు మొక్కల కొండ అని చెబుతారు. పైన నాభి మొక్కలుంటాయి. పువ్వు నీలంగా ముద్దుగా ఉందని తుంచి జేబులో పెట్టుకోకండి.

రిటైర్డ్ గార్డు, సత్యనారాయణపురం

అమ్మా, చున్నీ మాట నిజం. మా ఇంటావిడ పాత చున్నీయే నేను రెండుసార్లూ పట్టుకెళ్లాను. మగవాళ్లు సిగ్గుపడి చెప్పరు.

తమ్ముడూ, బరువెంతొచ్చిందో చెప్పు.

చాంబర్‌నంబర్3, గుంటూరు

కొన్నవి: బూట్లు, వాన జాకెట్టు, రెండు జతల ఉన్ని సాక్సులు, హెడ్‌లైటు, చేతి తొడుగులు. పదకొండు వేల చిల్లర అయ్యింది. బ్యాగు, దళసరి జాకెట్టు అద్దెవి, బావమరిది పార్సిల్ చేశాడు. లుంగీ ఒకవైపు కుట్టించాను. టైలరు "ఇది లుంగీయేనా సార్" అని రెండుసార్లు అడిగాడు.

అంతా సర్ది ఇవాళ మా కాటా మీద పెట్టాను. 11 కిలోల 400. టిక్కీ తూకం వేసేచోట నా బ్యాగు చూసి మా మేస్త్రీ, ముప్పై ఏళ్లుగా హమాలీ పనిలో ఉన్న మనిషి, ఒకసారి భుజానికెత్తుకుని అటూ ఇటూ నడిచాడు. "ఇది ఎనక్కి గుంజుతాందండీ" అన్నాడు. దించి విప్పితే నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకు, మందుల డబ్బా అన్నీ బయటి జేబుల్లో ఉన్నాయి, వీపు పక్కన మెత్తటి బట్టలు. ఆయనే మళ్లీ సర్దాడు. బరువైనవన్నీ వీపుకి ఆనేలా భుజాల మధ్యకి, బొంతలాంటివి అడుగుకి. తూకం మారలేదు గానీ ఎత్తుకుంటే మూడు కిలోలు తగ్గినట్టుంది. తర్వాత నిజంగానే తీయడం మొదలుపెట్టాం. రెండో స్వెటరు, నాలుగు చొక్కాలు, పెద్ద తువ్వాలు, షేవింగ్ సెట్టు, పుస్తకం. 7 కిలోల 900కి వచ్చింది, ఒక లీటరు నీళ్లతో కలిపి.

ఇంటికి తీసుకొచ్చి మళ్లీ తూస్తే 8 కిలోల 600 ఉంది. గోంగూర సీసా మా ఆవిడ లుంగీలో చుట్టి అడుగున పెట్టింది. తీద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను. సీసా అయితే మార్పిస్తా.